ముల్లు లేచే లోపు

టైల్స్ ఫ్యాక్టరీ క్వార్టర్స్, మూడో అంతస్తు
ఆదివారం

వదినగారికి,

నమస్కారం. మా క్షేమ సమాచారాలు మీ తమ్ముడు మీ ఎదురుగా నిలబడి చెబుతారు కాబట్టి వాటితో కాగితం నింపను. ఈ కవరు ఆయన చేతే పంపుతున్నాను. ఇందులో ఏముందో ఆయనకి తెలియదు. టైల్స్ అతికించే జిగురుతో అంటించాను. కత్తెరకి లొంగదు, ఉలి వాడండి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారేమో. ఆఫీసులో మీ ఎదురుగా ముగ్గురు గుమాస్తాలు. ఇంటికి చేస్తే అన్నయ్యగారు టీవీ ఆపి మరీ వింటారు. మెసేజ్ పెడదామంటే మీ ఫోను ఎప్పుడూ పిల్లల చేతిలోనే ఉంటుంది.

విషయానికి వస్తాను. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. నాకు ముప్ఫై ఏడొచ్చాయి. రెండేళ్ళ క్రితం ఒకటి వచ్చినట్టే వచ్చి పోయింది, మీకు తెలుసు. ఇద్దరికీ పరీక్షలన్నీ చేసి లోపమేమీ లేదంది డాక్టరమ్మ. లోపముందంటే బాగుచేయించుకునేదాన్ని. లేదంటే ఏం చెయ్యను? ‘సరైన రోజుల్లో ఇద్దరూ ఒకచోట ఉండండమ్మా, ఈ ఏడాది చివరిదాకా చూద్దాం. అప్పటికీ రాకపోతే పెద్దాసుపత్రికి రాస్తాను. అక్కడ కూడా ఈ వయసులో గట్టిగా మాటివ్వరు’ అంది.

ఒకచోట ఉండటమే మా దగ్గర లేని సరుకు. నేనిక్కడ బట్టీ ముందు, ఆయనక్కడ డ్రెడ్జరు మీద. నెలలో ముప్పాతిక భాగం హార్బరు అడుగున మట్టి తోడుతూనే ఉంటారు. ఆయన ఎప్పుడు ఓడెక్కాలో ఎప్పుడు దిగాలో రాసేది మీరు.

నా వైపు నుంచి నేను పద్ధతిగానే ఉన్నాను. రోజూ పొద్దున మంచం దిగకముందే థర్మామీటరు నోట్లో పెట్టుకుంటున్నాను. నెలలో ఒక రోజు ఒళ్ళు వేడి కాస్త పైకి లేస్తుంది. అండం విడుదలైందనడానికి అదే గుర్తట. ఇన్నేళ్ళుగా బట్టీ డయలు చూసేదాన్ని, వేడి సంగతి నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ముల్లు గీత దాకా లేచాకే ట్రేలు లోపలికి తోస్తాం. ముందే తోస్తే సరుకంతా పచ్చిగా ఉండిపోతుంది. నా ముల్లు ప్రతి నెలా ఇంచుమించు అనుకున్న రోజునే లేస్తోంది. రాబోయే నెలల రోజులు ఈ కాగితం వెనక వేశాను. ముల్లు లేచిన పొద్దునకి ఆయన ఇంట్లో ఉండేలా, మూడు రోజులు కదలకుండా ఉండేలా డ్యూటీ వెయ్యగలరా?

అడగడానికి సిగ్గుగానే ఉంది. సిగ్గుపడుతూనే అడుగుతున్నాను. నాకు బిడ్డ కావాలి వదినా.

మీ మరదలు


హార్బరు ఆఫీసు, డ్యూటీ సెక్షను
బుధవారం

అమ్మాయ్,

ఉలి దొరకలేదు. స్క్రూడ్రైవరుతో పని కానిచ్చాను. కవరు ఇస్తూ వాడు ‘ఏముందక్కా ఇందులో?’ అన్నాడు. ‘నీ గురించే’ అన్నాను. పకపకా నవ్వాడు. నిజం చెబితే ఎవరూ నమ్మరు, ఈ ఆఫీసులో నేను నేర్చుకున్నది అదొక్కటే.

చదివాక కాసేపు కిటికీలోంచి క్రేన్లు చూస్తూ కూచున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో పెళ్ళికి సెలవిచ్చాను, చావుకిచ్చాను, పంటినొప్పికిచ్చాను, కుక్క పిల్లల్ని పెట్టిందంటే ఇచ్చాను. ఇలాంటి దరఖాస్తు ఇదే మొదలు. సెలవు కాగితంలో ‘కారణం’ అనే గడి బొటనవేలంత కూడా ఉండదు. అందులో ‘ఇంటి దగ్గర పని’ అని రాశాను. అబద్ధమేమీ కాదు.

నాకు పుట్టిన ఇద్దరూ చెప్పాపెట్టకుండా వచ్చినవాళ్ళే. కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు కదా, ఇదీ అంతే అనుకున్నాను. దీనికి డయలూ ముల్లూ ఉంటాయని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నా అదృష్టాన్ని నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదే అని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది.

సిగ్గుపడకు. నువ్వడిగావు, నేను వేశాను. ఆ రోజులకి వాడు మీ ఇంట్లో ఉంటాడు. సముద్రం అడుగున మట్టి ఎక్కడికీ పారిపోదు.

వదిన


టైల్స్ ఫ్యాక్టరీ క్వార్టర్స్
శనివారం

వదినగారికి,

రెండు నెలల రిపోర్టు.

మొదటి నెల. ముల్లు లేచిన రోజు ఏడింటికల్లా ఆయన తలుపు కొట్టారు. ‘లేచిందా?’ అన్నారు. ‘లేచింది’ అన్నాను. బూట్లు విప్పి వరసగా పెట్టారు. స్నానం చేశారు. గోళ్ళు తీసుకున్నారు. ఇన్స్‌పెక్షనుకి ఆఫీసరు వస్తున్నాడంటే మా పనివాళ్ళు ఎలా ఉంటారో అలా మంచం అంచున కూచున్నారు. మూడు రోజులూ డ్రెడ్జరు పైపులో బండరాయి ఎలా ఇరుక్కుందో చెప్పారు. నాలుగో రోజు వెళ్ళిపోయారు. ఫలితం, లేదు.

రెండో నెల. అంతా అదే, బండరాయి బదులు తుప్పు. ఫలితం, లేదు.

నెలసరి వచ్చిన రోజు నేను ఫోన్ చేసి ‘లేదు’ అంటాను. ఆయన ‘సరే’ అంటారు. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఫోను పట్టుకునే ఉంటాం. ఇంజిను చప్పుడు వినిపిస్తుంది. ఆయనకి మా ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుందేమో.

మా ఫోర్‌మన్ కూడా కనిపెట్టేశాడు. ‘ఏంటమ్మా, ఈ మధ్య బట్టీ కంటే నువ్వే ఎక్కువ కాలుతున్నావ్’ అన్నాడు. మీ పని చూసుకోండన్నాను. ఇలాంటి జవాబు నేనెప్పుడూ ఇవ్వలేదు, పాపం బిత్తరపోయాడు.

వచ్చే నెల రోజులు మర్చిపోకండి. ఈ ఏడాదిలో మిగిలినవి ఎన్నో కావు.

మీ మరదలు


హార్బరు ఆఫీసు, డ్యూటీ సెక్షను
సోమవారం

అమ్మాయ్,

ఈ నెల చిన్న ఇబ్బంది వచ్చింది. రెండో ఇంజిను మనిషి, పొట్టాయన, డెక్కు మీద జారిపడ్డాడు. కాలికి పిండికట్టు వేశారు. నువ్వు రాసిన రోజుల్లో ఇంజిను దగ్గర మీ ఆయన తప్ప వేరే దిక్కు లేదు. అందుకని వాణ్ని నాలుగు రోజులు ముందే పంపుతున్నాను. ముల్లు లేచే ముందు రోజు సాయంత్రానికి తిరిగి ఓడెక్కాలి. వచ్చే నెల కూడా ఇంతే కావచ్చు. ఎముక అతుక్కోవాలి కదా.

ఏమనుకోకు. పిల్లలు బాగున్నారు. మీ అన్నయ్యగారు టీవీ కొత్తది కొన్నారు, ఇప్పుడు ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

వదిన


టైల్స్ ఫ్యాక్టరీ క్వార్టర్స్
ఆదివారం

వదినగారికి,

మీరు చెప్పినట్టే రెండు నెలలూ ఆయన ముందే వచ్చి ముందే వెళ్ళారు. పోయిన నెల ఫలితం లేదు. ఈ నెలది చూడక్కర్లేదు. బట్టీ వెలిగించకముందు ట్రే పెట్టినట్టే.

అయినా ఒక మాట రాయాలి. పనికిరాని రోజులు కాబట్టి ఈ నెల ఆయన వచ్చేసరికి థర్మామీటరు డ్రాయర్లో పెట్టేశాను. ఆయన గుమ్మంలో ఆగి అటూ ఇటూ చూసి, ‘ఇవాళ కాదు కదా?’ అన్నారు. ‘కాదు’ అన్నాను. బూట్లు ఒకటక్కడ ఒకటిక్కడ విసిరేసి కుర్చీలో కూలబడ్డారు. ఆరు నెలలుగా మూసుకోని కిటికీ గడియ బాగుచేశారు. ఓడలో వంటమనిషి పేలాల మూకుడు మీద మూత మర్చిపోయిన కథ నటించి చూపించారు. కడుపు పట్టుకుని నవ్వాను. పక్కింటావిడ గోడ మీద కొట్టింది. ఈ మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో అనిపించింది. ఏ లెక్కలోకీ రాని రోజులు కాబట్టి ఇద్దరం ఏ లెక్కా లేకుండా ఉన్నాం. అంతకంటే రాయను, మీరు ఆయనకి అక్కగారు.

ఇప్పుడు అసలు విషయం. నిన్న పొట్టాయన మా ఫ్యాక్టరీకి వచ్చారు. వాళ్ళ బాత్‌రూముకి సెకండ్స్ సరుకు, అంచులు కాస్త విరిగి చవగ్గా అమ్మే టైల్స్, కావాలట. రెండు పెట్టెలు భుజాన వేసుకుని మెట్లన్నీ దిగారు. రెండు కాళ్ళతోనూ. ‘కాలెలా ఉందండీ?’ అన్నాను. ‘ఏ కాలు?’ అన్నారు.

నేనూ అదే అడుగుతున్నాను. ఏ కాలు వదినా?

మీ మరదలు


హార్బరు ఆఫీసు, డ్యూటీ సెక్షను
గురువారం

అమ్మాయ్,

పొట్టాయనకి ఏ కాలూ విరగలేదు. ఆయన టైల్స్ కోసం అంత దూరం వస్తాడని నేననుకోలేదు.

నీ రెండో నెల అయ్యాక మీ ఆయన నా టేబుల్ దగ్గరికొచ్చాడు. గుమాస్తాలు టీకి వెళ్ళేదాకా టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. వాడన్న మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

‘అక్కా, నాకు ఆ రోజుల్లో సెలవొద్దు. డ్యూటీ వెయ్యి. తలుపు తీస్తే తన మొహం కంటే ముందు థర్మామీటరు కనిపిస్తోంది. నేను మొగుణ్నా, స్పేరు పార్టునా? ప్రతి నెలా ‘లేదు’ అని ఫోనొస్తుంది. నేనొక్కణ్నే ఫెయిలైనట్టు ఉంటుంది. తనకి చెప్పలేను, ఏడుస్తుంది. కావాలంటే ముందు పంపు. ముల్లు లేచే లోపు వచ్చేస్తాను. నాలుగు రోజులు తనతో మామూలుగా మాట్లాడాలని ఉందక్కా, అంతే.’

ఓడ దిగితే పదిమంది ముందు నోరు విప్పని మనిషి వాడు. కళ్ళు తుడుచుకోలేదు, టోపీ పెట్టేసుకున్నాడు.

ఒకరు ఆ రోజుల్లోనే పంపమంటారు, ఇంకొకరు ఆ రోజుల్లో మాత్రం పంపొద్దంటారు. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీకు కాదంటే వాడి మాట బయటపెట్టాలి. వాడికి కాదంటే నీ ఉత్తరం బయటపెట్టాలి. చివరికి పొట్టాయన కాలు విరగ్గొట్టాను.

వదిన


టైల్స్ ఫ్యాక్టరీ క్వార్టర్స్
ఆదివారం

వదినగారికి,

ఈ కవరు మీ తమ్ముడి చేత పంపడం లేదు. స్టాంపు అంటించాను. కోపం ఎంతో దాన్నిబట్టి తెలుసుకోండి.

ఆయనకి మాట్లాడాలని ఉంటే నాతో మాట్లాడాలి. మీ టేబుల్‌తో కాదు. నేను ఏడుస్తానని దాచారా? ఆయన దాచకపోయినా ఏడుస్తూనే ఉన్నాను, బట్టీ పక్కన కూచుంటే చెమటకీ కన్నీళ్ళకీ తేడా ఎవరికీ తెలియదు. మీరిద్దరూ కలిసి నా రెండు నెలలు తినేశారు. నా దగ్గర ఉన్నవే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

ఆయన్ని స్పేరు పార్టులా చూశానా అని నన్ను నేను అడుగుతూ ఒక పేరా రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. చూశాను వదినా. ఆ మాట మీతో కాదు, ఆయనతో అనాలి. ఇంకా నోరు రావడం లేదు.

ఇకమీద మీ తమ్ముడికి ఏ డ్యూటీ వేస్తారో మీ ఇష్టం. రోజులు పంపను. థర్మామీటరు డ్రాయర్లోంచి తియ్యను.

మీ మరదలు


హార్బరు ఆఫీసు, డ్యూటీ సెక్షను
మంగళవారం

అమ్మాయ్,

కోపం అందింది. స్టాంపు మీద పిట్ట బొమ్మ బాగుంది, చిన్నదానికి ఇచ్చాను.

నాది తప్పే. ఇద్దరికీ ‘సరే’ అనడం ఆఫీసు అలవాటు. అది ఇళ్ళలో పనికిరాదని ఈ వయసులో తెలుసుకున్నాను.

ఈమధ్య వాడు వస్తూ ఖాళీ చేతులు చూపిస్తున్నాడు. ‘నీకేం రాయలేదక్కా’ అంటాడు. టేబుల్ మీద స్క్రూడ్రైవరు అలాగే ఉంది. తిడుతూనైనా రాయి.

వదిన


టైల్స్ ఫ్యాక్టరీ క్వార్టర్స్
ఆదివారం

వదినగారికి,

ఈ కవరు మళ్ళీ ఆయనే తెస్తున్నారు. మళ్ళీ జిగురే. ఈసారి మందంగా వేశాను. కూచుని చదవండి, గుమాస్తాలు టీకి వెళ్ళాకే చదవండి.

ఈ నెల రావాల్సింది రాలేదు. కోపానికి ఆలస్యమవుతుందేమో అనుకున్నాను. వారం గడిచాక, తియ్యనన్న థర్మామీటరు తీసి చూశాను. ముల్లు పైనే ఉంది. మర్నాడూ పైనే. బట్టీ చెడిపోయిందనుకున్నాను. ఇక పెద్దాసుపత్రికి రాసిమ్మని అడుగుదామని డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను.

‘ఎలా ప్రయత్నిస్తున్నారు?’ అంది. ఇన్నాళ్ళూ చేసిందంతా చెప్పాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

‘వేడి ఎప్పుడు పెరుగుతుందమ్మా?’ అంది.

‘అండం విడుదలైనప్పుడు.’

‘అయ్యాక. అది బతికేదే మహా అయితే ఒక్క రోజు. వేడి పెరిగిందని తెలిసేసరికే దాని పని అయిపోతుంది. మీరు బస్సు వెళ్ళాక లేచిన దుమ్ము చూసి స్టాండుకి పరిగెడుతున్నారు. మగవాళ్ళ కణాలైతే లోపల నాలుగైదు రోజులైనా కాచుక్కూచోగలవు. అందుకే ముందు రోజులే మంచివి. నేను సరైన రోజులన్నాను కానీ ఏవో విడమరిచి చెప్పలేదు, నాదీ తప్పే.’

‘ముల్లు లేచాకే కదండీ ట్రే తోస్తాం?’ అన్నాను.

‘ఇది బట్టీ కాదమ్మా’ అంది.

వదినా, నా తెలివికి నేనే దండం పెట్టుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో మా ఫ్యాక్టరీలో అందరికంటే నాకే బాగా తెలియాలి. నేను బతిమాలి పిలిపించుకున్న రోజులన్నీ దండగ. మీ తమ్ముడు ‘ముల్లు లేచే లోపు వచ్చేస్తా’నని మిమ్మల్ని అడుక్కున్నారే, అవే అసలు రోజులు. నేను పిలిచినప్పుడల్లా ఆలస్యంగా వచ్చారు. పారిపోయినప్పుడే సమయానికి వచ్చారు.

కిటికీ గడియ బాగుచేసిన నెల వదినా. పొట్టాయనకి కాలు విరగని నెల.

పరీక్ష రెండుసార్లు చేశారు. ఉంది.

డాక్టరమ్మ నవ్వలేదు. ‘అన్నీ కుదిరినా నీ వయసులో పది నెలలకి ఒకసారి తగిలితే గొప్ప. ఇందులో అదృష్టం కూడా ఉంది, కాబట్టి జాగ్రత్త’ అంది. వచ్చే శుక్రవారం స్కానింగ్. గుండె కొట్టుకుంటోందో లేదో తెలుస్తుందట.

ఆయనకి ఇంకా చెప్పలేదు. పోయినసారి ఎగురుకుంటూ చెప్పాను, వారానికే పోయింది. ఆయన పదిహేను రోజులు ఓడ మీద ఆ సంగతి ఒక్కరే మోశారు. తిరిగొచ్చాక, నేను చెప్పిన రోజే సంబరంగా బిగించిన ఉయ్యాల కొక్కెం కప్పులోంచి పీకి, ఆ బొక్కలో సిమెంటు పెట్టారు. ఈసారి శుక్రవారం నా పక్కన నిలబడి ఆ చప్పుడు ఆయనే వినాలి. వినిపించకపోతే, అప్పుడూ ఆయన నా పక్కనే ఉండాలి. ఓడ మీద కాదు.

అందుకని మళ్ళీ సెలవు అడుగుతున్నాను. ఈసారి ముల్లు కోసం కాదు. నేను చెబితే ఎందుకని అడుగుతారు, అడిగితే నా మొహం దాచలేను. మీరు వెయ్యండి.

మిమ్మల్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అబద్ధమాడినందుకు మాత్రం క్షమించను. రుణపడి ఉంటాను, క్షమించను.

మీ మరదలు


హార్బరు ఆఫీసు, డ్యూటీ సెక్షను
బుధవారం

అమ్మాయ్,

గుమాస్తాలు టీకి వెళ్ళాకే చదివాను. వాళ్ళు తిరిగొచ్చేసరికి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాను. ‘ఏమైందండీ?’ అన్నారు. ఫైళ్ళ దుమ్మన్నాను. వాళ్ళు నమ్మారు. అబద్ధం చెబితే అందరూ నమ్ముతారు.

మీ ఆయన్ని పిలిచి, రేపు పొద్దున్నే ఇంటికి బయల్దేరమన్నాను. శనివారం దాకా సెలవని చెప్పాను. వాడి మొహం మాడిపోయింది. ‘అక్కా, నేను నీకు చెప్పాను కదా. ఇవి ఆ రోజులేమో. ఇంకో వారం ఆగి పంపు’ అన్నాడు. ‘పైనుంచి ఆర్డరు’ అన్నాను. ‘పైన ఎవరు?’ అన్నాడు. ‘నీకంటే పైవాళ్ళు’ అన్నాను. నా బదులు పొట్టాయనని పంపకూడదా అన్నాడు. వాళ్ళింటికా, మీ ఇంటికా అని అడగబోయి ఆగిపోయాను.

కడుపులో మాట పెట్టుకుని తమ్ముడి ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూచోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. లేచి వాడి చొక్కా కాలరు సరిచేశాను. ‘ఏంటక్కా?’ అన్నాడు. నూనె అంటుకుందన్నాను.

సెలవు కాగితంలో గడి ఇంకా అంతే ఉంది. ‘ఇంటి దగ్గర పని’ అనే రాశాను. పేర్లగీర్ల గురించి ఎవరూ నోరెత్తొద్దు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెతలో సగమే మనకి తీరింది. మిగతా సగం శుక్రవారం డాక్టరమ్మ చెప్పాలి. ఏం చెప్పినా సరే, వాడికి ఆ తర్వాత వారం కూడా ఓడ లేదు. పొట్టాయన ఒప్పుకున్నాడు. ఈసారి నిజంగానే అడిగాను.

ఈ కవరు వాడే తెస్తున్నాడు. జిగురు లేదు, ఉత్త ఎంగిలి పెట్టి అంటించాను. వాడు విప్పడు, ఇందులో వాడి గురించి ఏదో ఫిర్యాదు ఉందనుకుంటున్నాడు. దారి పొడుగునా బస్సులో బిక్కమొహం వేసుక్కూచుంటాడు. నువ్వు తలుపు తియ్యగానే బూట్లు విప్పి వరసగా పెట్టి, ‘లేచిందా?’ అని అడుగుతాడు.

శుక్రవారం దాకా చెప్పనన్నావు. నీ ఇష్టం, నీ మొగుడు. ఆ మొహం చూశాక కూడా ఆగగలిగితే ఆగు.

వదిన